చెంబెడు నీళ్లు

నడుము వంగిపోయి లేవలేని భార్యను తిరువళ్లూరు ఆస్పత్రిలో వదిలి, బోరు నీళ్ల సీసాతో వెంకటముని యూనివర్సిటీకి పరుగెత్తాడు.

"ఈ నీళ్లలో ఏముండాదో చూసి చెప్పండి సార్. ఏ నీళ్లు తాగుతా ఉండారని డాక్టరు అడిగినాడు."

ప్రొఫెసరు బీరువాలు చూపించాడు. వరి చీడలు, చెరువు పక్షులు, రాతి శాసనాలు, బడిపిల్లల చదువులు. గోడ పొడుగునా పరిశోధనలే. "ఇక్కడ లేనిది లేదయ్యా. మీదే ఊరు?"

వెంకటముని తిరుత్తణి పక్కన తన పల్లె పేరు చెప్పాడు. ఆయన ఓ నల్లట్ట పుస్తకం తీశాడు.

"మీ బోర్ల మీదే ఆరేళ్ల కిందట మా స్టూడెంటు చందన డాక్టరేటు చేసింది. ఫ్లోరైడు చాలా ఎక్కువ. ఒకటో నంబరు, వెంకటముని ఇంటి బోరు."

"అది మా ఇల్లే సార్! మాకెవురూ చెప్పలేదే!"

"అంతా ఇంగ్లీషులో వివరంగా రాసిందయ్యా. మంచి పేరొచ్చింది."

వెంకటమునికి ఆ పిల్ల గుర్తొచ్చింది. చందన మొదటిసారి వచ్చినప్పుడు వాళ్లింట్లో రెండు చెంబుల నీళ్లు తాగింది. రెండోసారి సంతకాల కోసం వచ్చినప్పుడు చెంబు ముట్టలేదు.

చదువుకున్న పొగరని ఆ పిల్లను తిట్టుకుంటూ, ఆరేళ్లు మొగుడూ పెళ్లాలు ఆ నీళ్లే తాగారు.