పాప తరఫు వకీలు

“పచ్చిమిరపకాయ తగిలిందా? నీళ్ళు తాగు,” అంటూ కృపాకుమారి సీసా మూత తీసి ఇచ్చింది.

శశి గటగటా తాగి, మూతి తుడుచుకుని, మళ్ళీ బొరుగుల ఉగ్గాని డబ్బా వైపే చూసింది. “ఎవరు చేసినారక్కా?”

“మా ఆయన. పెళ్ళయి నెల కాలేదు, అప్పుడే వంటకు దిగినాడు. ఉప్పెక్కువైంది కదా?”

“ఊఁ. ఐనా బాగుండాది.”

ఇద్దరూ కిసుక్కున నవ్వుకున్నారు. అనంతపురం కోర్టు వరండాలో ఎండ అప్పుడే కాళ్ళ మీదికి పాకుతోంది. తొమ్మిదేళ్ళ ఈ పిల్ల ఎవరి దగ్గర పెరగాలో ఈరోజు తేలాలి. తల్లి సునందకు ఒక వకీలు, తండ్రి మారుతికి ఒక వకీలు. పిల్ల తరఫున మాట్లాడమని జడ్జిగారు పొద్దున్నే కృపాకుమారికి కబురు పెట్టారు. ఆమెకు ఇలాంటి పని ఇదే మొదలు. ఫైలు అడిగితే, “అది చదివితే పెద్దవాళ్ళ మాటలే నీ చెవుల్లో ఉంటాయమ్మా. ముందు పాపతో మాట్లాడు,” అన్నారు.

ఫైలు అడగడానికి ముందే ఆమె పాప తల్లిదండ్రులను విడివిడిగా కదిపి చూసింది. ఒకరి మీద ఒకరు దుమ్మెత్తి పోస్తారని గుండె చిక్కబట్టుకునే వెళ్ళింది.

మారుతి ధర్మవరంలో మగ్గం నేస్తాడు. “సునందను ఒక్క మాట అనేదానికి లేదు మేడం. పాపను పువ్వు మాదిరి చూసుకుంటాది. అన్నం పెట్టేదైనా, తల దువ్వేదైనా ఆయమ్మ తర్వాతే ఎవరైనా,” అన్నాడు.

సునంద తాడిపత్రిలో బండలు పాలిష్ పట్టే చోట పని చేస్తుంది. “ఆయప్పకు పాపంటే ప్రాణం మేడం. తాగడు, కొట్టడు. బడి కూడా ఆయప్ప ఇంటి పక్కనే ఉండాది,” అంది.

కృపాకుమారి కళ్ళు చెమర్చాయి. విడిపోయిన మొగుడూ పెళ్ళాల మధ్య ఇంత మర్యాదా! ఇంటికి పోగానే భర్త జాకబ్‌కు చెప్పాలనుకుంది.

“ఆదివారం నిన్ను నాయన దగ్గరికి పంపుతుందా అమ్మ?” అని శశిని అడిగింది.

“శనివారమే పంపుతాది. బస్సెక్కించి, కండక్టరు మామకు చెప్తాది.”

“నాయన మళ్ళీ సాయంత్రం ఆలస్యంగా తీసుకొస్తాడా?”

“లేదక్కా. మధ్యాన్నమే తెచ్చి వదిలేస్తాడు.”

పిల్లను ఒక్క గంట ఎక్కువ ఉంచుకోవడానికి పోలీసు స్టేషన్ దాకా పోయినవాళ్ళ కథలు కృపాకుమారి ఎన్నో విన్నది. వీళ్ళేమో చెప్పిన వేళకన్నా ముందే! ఎంత పద్ధతి గల మనుషులు!

“ఇప్పుడు చెప్పు శశీ. నీకు ఎవరి దగ్గర ఉండాలనుంది?”

శశి గోటితో డబ్బా అంచు గీకింది. “ఎవరైనా సరే.”

“అట్ల కాదు బంగారూ. ఈరోజు నీ మాటే చెల్లుతుంది.”

“నేను చెప్పినోళ్ళే గెలుస్తారా?”

“నువ్వు చెప్పినోళ్ళే.”

పిల్ల డబ్బాకు మూత పెట్టేసింది. “ఐతే అమ్మ. ఎప్పుడూ ఏడుస్తాంటాది, పాపం. ఒకసారన్నా గెలవల్ల.”

జడ్జిగారి గదిలో కృపాకుమారి లేచి నిలబడింది. ఇది పాప సొంత కోరికేననీ, ఎవరో నేర్పిన మాట కాదనీ, తల్లికే అప్పగించాలనీ గట్టిగా చెప్పింది. జడ్జిగారు కళ్ళజోడు తీసి శశి వైపు చూశారు.

“నీ అంతట నువ్వే చెప్తున్నావా తల్లీ?”

“అవును సార్.”

మిగతా వకీళ్ళిద్దరూ తల దించుకున్నారు. పాప తల్లి దగ్గరే ఉండాలని ఉత్తర్వు వచ్చింది.

బయటికి రాగానే మారుతి ఎదురొచ్చి రెండు చేతులూ జోడించాడు. “మీ మేలు మర్చిపోను మేడం!” పాప తల ఒకసారి నిమిరి, ధర్మవరం బస్సుకు వేళైందంటూ గబగబా వెళ్ళిపోయాడు. ఓటమిని ఇంత హుందాగా తీసుకునే మనిషిని కృపాకుమారి ఎక్కడా చూడలేదు.

శశి ఎగురుకుంటూ పోయి తల్లి చెయ్యి పట్టుకుంది. “అమ్మా, నువ్వే గెలిచినావు! నేనే గెలిపించినా!”

సునంద కదల్లేదు. చెంపల మీద నీళ్ళు ధారగా కారుతున్నాయి.

“సంతోషమే కదమ్మా, ఇంకా ఎందుకీ ఏడుపు?” అంటూ కృపాకుమారి ఆమె భుజం మీద చెయ్యేసింది.

సునంద ఆ చేతినీ, పిల్ల చేతినీ ఒకేసారి విదిలించుకుంది.

“మేము కొట్లాడింది పాప నాకొద్దంటే నాకొద్దని మేడం!”