లెగమన్న బొమ్మ

నగరమంతా బొమ్మల బాట వేసి, నడిచి చూడమని పిలిచి, మనిషిని కాసేపు కూలబడనివ్వని పెద్దల్లారా, ఈ పాపం మీదే! మిగతా రోడ్లన్నీ డ్రైవర్ లేని బండ్లకు రాసిచ్చేశారు. కాలినడకకు ఈ బాటొక్కటే దిక్కు.

శిల్పి సూరప్పడు భార్య పైడమ్మను పదిహేడో బొమ్మ దాకా నడిపించుకొచ్చాడు. తట్ట దించి, కళ్ళు మూసుకుని అలుపు తీర్చుకునే కూలిమనిషి బొమ్మ అది. పైడమ్మ ముఖం చూసే చెక్కాడు. మోకాళ్ళు పీకుతుంటే ఆమె దాని పాదాల దగ్గర కూర్చుంది.

అతను మూసి చెక్కిన రెప్పలకు ఎవరో తూట్లు పొడిచి కెమెరాలు బిగించారు. అవి ఎర్రగా వెలిగాయి.

"ఇక్కడ కూర్చోరాదు. లేచి నడవండి," అంది బొమ్మ.

"ఏటయ్యా ఇది? నా మొకం ఎట్టుకుని నన్నే లెగమంటాది!"

బొమ్మ రెండోసారి చెప్పింది. మూడోసారి చెప్పించుకుంటే రేపటి నుంచి బాట మీదికి రానివ్వరు. చేపల రేవులో పనికి ఆమె వెళ్ళేదెలా? పైడమ్మ లేవబోయింది.

సూరప్పడు ఆమె భుజం పట్టి ఆపి, పక్కనే చతికిలబడ్డాడు.

"లెగకు, పైడీ. ఆ రెప్పలు మూసింది నేను. తెరవడానికి ఆళ్ళెవులు?"

పెద్దల్లారా, ఇవాళే ఆ కెమెరాలు పీకండి. ప్రతి బొమ్మ కిందా అరుగు కట్టండి. నడిచే జనమా, అంతవరకూ మీరూ వచ్చి వాళ్ళ పక్కన కూర్చోండి!