వాసనచూపులు

“జర వంగి సూడన్నా. ఏమన్న వాసనొస్తాందా?”

పరశురాం తొట్టి మీదికి వంగి గట్టిగా గాలి పీల్చాడు. “సాంబ్రాణి వాసనొస్తాంది తమ్మీ.”

వీరేశం కాస్త కుదుటపడ్డాడు. ఊరి మురుగునీటిని శుద్ధి చేసే ఈ ప్లాంటులో అతను ఆపరేటరు, పరశురాం తోటి పనివాడు. మోరీల దగ్గర పనిచేసేవాడికి పిల్లనిస్తే ఇల్లంతా కంపేనని ఇప్పటికే రెండు సంబంధాలు తప్పిపోయాయి. మూడోది కొల్లాపూర్ మల్లిక. ఫోన్లో ఆమె నవ్వు విన్నప్పటి నుంచి వీరేశానికి అన్నం సహించడం లేదు. ఆమె తండ్రి కురుమయ్య మాత్రం, పిల్లగాడు పనిచేసే జాగా కళ్లారా చూశాకే మాట ఇస్తానన్నాడు.

అందుకే నిన్న గేటు తిప్పి ఊరి మురుగంతా నేరుగా వాగులోకి వదిలేశారు. తొట్లు కడిగి బోరు నీళ్లు నింపారు. అంతటితో ఆగితే వీరేశం ఎలా అవుతాడు? తామరపూలు తెచ్చి నీళ్లలో వేశాడు, చేపపిల్లల్ని కూడా వదిలాడు, పొద్దున్నే చుట్టూ సాంబ్రాణి పొగ వేశాడు.

“వాగు నల్లగ పారుతాంది తమ్మీ. గది పోయి కృష్ణల కలుస్తది. గట్ల కావద్దనే గదా మనకు జీతమిచ్చేది?”

“గీ ఒక్క పూట ఓర్సుకో అన్నా. పెండ్లయినంక వాగుకు దండం పెట్టి తప్పు ఒప్పుకుంట.”

అన్నాడే గానీ సిగ్గేసింది. ఇన్నాళ్లూ ఆ వాగును కాపాడుకొచ్చింది తనే.

ఇంతలో కురుమయ్య గొడుగు పట్టుకుని రానే వచ్చాడు. ఇచ్చిన మంచినీళ్లు పక్కన పెట్టి, నేరుగా మొదటి తొట్టి దగ్గరికి వెళ్లి గాలి పీల్చాడు. రెండో తొట్టి దగ్గర మోకాళ్ల మీద కూర్చుని మరీ పీల్చాడు. మొహం చిట్లించాడు. వీరేశం గబగబా పక్కకి చేరాడు.

“ఏమన్న వాసనొస్తాందా మామా?”

“లేదు బిడ్డా.”

“ఈగ సుత లేదు, సూడు!”

“అవును, లేదు.” కురుమయ్య గొడుగు కర్రతో నీళ్లు కలబెట్టాడు. చేపపిల్ల ఒకటి ఎగిరిపడింది. “ఎప్పుడూ గిట్లనే ఉంటదా?”

“ఎన్నడొచ్చినా గిట్లనే! ముంజేతి కంకణానికి అద్దమెందుకు మామా?”

“మరి ఊరోళ్ల మోరీ నీళ్లు?”

“ఒక్క సుక్క రానియ్య. మల్లిక మీద ఒట్టు!”

పరశురాం నోరు తెరవబోయాడు. వీరేశం అతని కాలు తొక్కాడు.

“గట్లయితే పొద్దంత ఏం జేస్తవ్?”

“పనేముంటది మామా? కుర్సీల కూసుంట. మీ బిడ్డ సుకపడ్తది.”

కురుమయ్య మురుగు వచ్చే పైపులో చెయ్యి పెట్టి మరీ వాసన చూసుకున్నాడు. ప్లాంటంతా ఇంకోసారి తిరిగొచ్చి, తువ్వాలతో మొహం తుడుచుకుని బస్టాండు దారి పట్టాడు.

వీరేశం ఆగలేక వెంటపడ్డాడు. “మామా, లగ్గం ఎప్పుడు పెట్టుకుందాం?”

కురుమయ్య నిలబడి, జాలిగా అతని భుజం మీద చెయ్యి వేశాడు.

“మోరీ నీళ్లే రాని కాడ నీ కొలువు ఎన్నాళ్లుంటది బిడ్డా?”