నీలిమందు రాకుమారుడు

"రేపు రాకుమారుడికి నయం చేసేయకండమ్మా."

సీరియల్ ఆఫీసు మెట్ల మీద నిలబడి అడిగాడా మనిషి. మాసిన చొక్కా, హవాయి చెప్పులు. చేతివేళ్ళు సన్నగా వణుకుతున్నాయి.

రచయిత్రి ఆగింది. ఆమె రాసే జానపద సీరియల్లో రాకుమారుడు మాంత్రికుడిచ్చిన నీలిమందుకు బానిసై రాజ్యాన్ని తగలేస్తున్నాడు. దేవకన్య నుదుటి మీద చెయ్యి వేస్తే చాలు, ఆ విషం దిగిపోతుందని నిన్నటి భాగం చివర ఆకాశవాణి చెప్పింది. ఆ సీను ఇవాళ మధ్యాహ్నం తీస్తారు.

"అలా దిగదమ్మా. వాంతులు, ఒళ్ళు నొప్పులు. నెల దాటాక కూడా ఉన్నట్టుండి నాలుక పీకుతుంది. కనీసం ఒక్కసారి మళ్ళీ తాగినట్టు చూపించండి."

"జానపదం బాబాయ్ ఇది. గుర్రాలు కూడా ఎగురుతాయి. దానికి రాలేదేం మీరు?"

"గుర్రం ఎగిరిందని ఎవడూ మేడ మీంచి దూకడు కదమ్మా."

ఆమెకు ఒళ్ళు మండింది.

భర్త డీ-అడిక్షన్ సెంటర్లో చేరి ముప్ఫై రెండు రోజులు. ఇది మూడోసారి. ఈసారి కూడా తాగుడు మానకపోతే లివర్ మిగలదన్నాడు డాక్టర్. చూడనివ్వరు, ఫోనివ్వరు. ఆఫీసులో ఎవరికీ తెలియదు. ఆ దేవకన్య చెయ్యి తనదే అనుకుని, కళ్ళు తుడుచుకుంటూ రాసింది ఆ సీను.

"ఒకాయన ఈ సీరియల్ కోసమే సాయంత్రం దాకా కూర్చుంటాడమ్మా. ఆయన కోసమైనా..."

"ఎవరాయన?"

"చెప్పనని మాటిచ్చాను."

"వాచ్‌మన్, ఈయన్ని బయటికి పంపు."

రెక్క పట్టుకుంటే ఆయన ఎదురు తిరగలేదు. గేటు దాకా వెనక్కి చూస్తూనే వెళ్ళాడు.

మర్నాడు సాయంత్రం దేవకన్య చెయ్యి వేసింది. రాకుమారుడు నవ్వుతూ లేచాడు.

ఆ మర్నాడు పొద్దున్నే సెంటర్ నుంచి ఫోను. ఆమె పరుగున వెళ్ళింది.

"మీవారు ఇంటికి రాలేదా?" మేనేజరమ్మ ముఖం పాలిపోయింది. "సీరియల్ అవగానే సంచి సర్దుకున్నారమ్మా. 'మా ఆవిడ రాసింది, ఆవిడ అబద్ధం రాయదు, నాకు నయమైపోయింది' అని సంతకం పెట్టి వెళ్ళిపోయారు."

"ఎవరూ ఆపలేదా?"

"ఆయన వినేది పక్క మంచం ఆయన మాట ఒక్కటే. వణుకొస్తే పట్టుకున్నదీ, బతిమాలి ముద్ద పెట్టిందీ ఆయనే."

"మరి ఆయనేరీ?"

మేనేజరమ్మ ఖాళీ మంచం వైపు చూసింది.

"మొన్న పొద్దున మీ ఆఫీసుకి వెళ్ళొస్తానని అడిగితే కుదరదన్నాం. గోడ దూకి వెళ్ళారు, అలా వెళ్ళినవాళ్ళని మేం మళ్ళీ చేర్చుకోం అని తెలిసే వెళ్ళారు."