గుడ్‌ఫ్రైడే గంజి

జయమ్మ అన్నం వార్చి, ఆ గంజిలోనే రెండు గరిటెల మెతుకులు వేసి మెదుపుతోంది.

"ఈ పొద్దు పొయ్యి ముట్టించిన కిరస్తానం ఇల్లు ఆళ్లగడ్డలో మనదొకటే," అంటూ అత్త సారమ్మ తలుపు దగ్గరగా వేసింది. "బేగా కానీ. పొగ చూసి ఎవరన్నా వస్తారు."

"ఖాళీ కడుపుతో ఉంటే కండ కరుగుతాదని వేలూరు డాక్టరు చెప్పినాడు గదా అత్తా. నూనె తగ్గించి, మూడు గంటలకొకసారి గంజో అన్నమో పడాలంట. పోయినేడాది గుడ్‌ఫ్రైడేకు ఉపవాసముంటే ఏమైంది? ఒంటికి పోతే టీ డికాక్షన్ మాదిరి రాలేదా?"

"మెల్లగా! లూదియాకు సంబంధం మాట్లాడే దినాల్లో ఆ రోగం మాటెత్తొద్దు."

సారమ్మ కూతురు లూదియా గుడికి పోవడానికి తెల్లచీర కట్టుకుని మంచం మీద కూర్చుంది.

తలుపు తోసుకుని సంఘపెద్ద మత్తయి వచ్చాడు. నంద్యాల సంబంధం తెచ్చింది ఆయనే.

"ఏందీ సారమ్మక్కా, ప్రభువు సిలువ మీదుంటే మీకు ఆకలైతాందా?"

సారమ్మ పీట వేసింది.

"సోమవారం నంద్యాలోళ్లు వస్తాండారు. దానికి ముందు ఒక్క మాట తేల్చమన్నారు. మీ ఇంట్లో ఎవరికో వంశంలో వచ్చే కండల రోగమంట. ఎవరికక్కా?"

సారమ్మ కోడలి వైపు తిరిగింది. "చెప్పు జయమ్మా. దాచేదేముంది?"

జయమ్మ గిన్నె ఎత్తి రెండు గుటకలు తాగింది.

"నాకే మామా."

"మీ పుట్టింటి తరపా?"

"ఆ."

మత్తయి ముఖం తేటపడింది. "ఇంకేం! వదిన రోగం ఆడబిడ్డకు వస్తాదా? ఆళ్లు మహా భక్తిపరులులే. శుక్రవారమొస్తే ఇంటిల్లిపాదీ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టరు. పిల్ల ఉపవాసముంటాదా?"

"మా లూదియా మూడు దినాలైనా ఉంటాది."

జయమ్మ గిన్నె కింద పెట్టింది. "అత్తా..."

"నువ్వు తాగమ్మా. చల్లారిపోతాంది."

మత్తయి ప్రార్థన చేసి, ఆమెన్ అని, గడప దాటాడు. లూదియా లేచి ట్రంకు పెట్టె తెరిచింది. సారమ్మ వద్దన్నట్టు చెయ్యి చాపింది.

తన పేరు రాసిన వేలూరు ఆసుపత్రి చీటీ పట్టుకుని, లూదియా ఆయన వెనకే వెళ్లింది.