నాలుగో నమూనా

"మీ పక్కన కూచోను," అన్నాడాయన.

"నేను కూచోమనలేదు," అంది ప్రొఫెసర్.

గుమాస్తా ఇద్దరి మొహాలూ చూసి, రెండో కుర్చీని బల్ల అవతలి చివరికి లాగి వేశాడు. ఇరుకు గది. గోడలనిండా దారాలు కట్టిన ఫైళ్ళు. బల్లమీద మాత్రం ఒకే కాగితం. ఇద్దరూ దానిమీదే సంతకం పెట్టాలి. ఆ సంగతి తలుచుకుంటేనే ఆమెకి ఒళ్ళు మండిపోతోంది.

ఆయన్ని రెండు లక్షలమంది అన్నా అని పిలుస్తారు. రోజూ సాయంత్రం ఫోను ముందు కూచుని ఒక పార్టీ తరఫున గొంతు చించుకోవడం ఆయన పని. ఆమె విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతుంది. మనిషి ఫోనులో ఏం చూసి ఒక జెండాకి అంటుకుపోతాడు, ఆ జెండా ఎప్పుడు అతనికి ఇంటిపేరంత సొంతమైపోతుంది అన్నది ఆమె పరిశోధన. అందుకోసం మూడేళ్ళపాటు ఆయన వీడియోలన్నీ చూసింది. వాటి కింద జనం రాసినవి లక్షకి పైగా చదివింది. పుస్తకం వేసింది. అందులో ఆయన పేరు రాయలేదు. నాలుగో నమూనా అని రాసింది.

పేరు రాసినా అంత కోపం వచ్చేది కాదేమో ఆయనకి. పంతులమ్మ నన్ను సీసాలో పెట్టిన పురుగుని చేసిందంటూ వరసగా నలభై వీడియోలు వదిలాడు. అన్న అంతమాటన్నాక తమ్ముళ్ళు ఊరుకుంటారా? ఆమె ఫోన్ నంబరు ఊరంతా తిరిగింది. క్లాసురూము తలుపుమీద ఎవరో బూతులు రాశారు. రెండు నెలలు ఆమె బస్సెక్కడం మానేసింది.

ఆ మనిషి ఇప్పుడు నాలుగడుగుల దూరంలో కూచుని, కొత్త చొక్కా కాలరు సర్దుకుంటున్నాడు.

"నేనిక్కడికి ఇష్టపడి రాలేదు," అన్నాడు. వీడియోల్లో ఉన్నంత పెద్ద గొంతు కాదు.

"నేనూ ఆరునెలలు అడ్డుపడి చూశాను. కుదర్లేదు."

"ఇది బయటికి పొక్కితే మావాళ్ళు నన్ను ఉతికి ఆరేస్తారు."

"ఉతకడం నేర్పింది మీరేగా."

గుమాస్తా చిన్నగా దగ్గాడు. "ముందు ఇది చదివించమన్నారండీ బయటున్నవాళ్ళు," అంటూ చేత్తో రాసిన కాగితం ఒకటి వాళ్ళ మధ్యకి తోశాడు. అది ఆమె రాసిందీ కాదు, ఆయన రాసిందీ కాదు. ఒకటి, ఇకమీదట ఒకరిగురించి ఒకరు బయట నోరెత్తకూడదు. రెండు, ఈరోజు తీసే ఫోటో ఒక్కటి కూడా ఎక్కడా పెట్టకూడదు. మూడు, ఇద్దరూ ఒకేచోట ఉన్నప్పుడు రాజకీయాల ఊసు రాకూడదు.

"ఎన్నాళ్ళు?" అన్నాడాయన.

"బతికున్నన్నాళ్ళూ అని రాసుందండీ."

ఆయన కాగితాన్ని వేలితో వెనక్కి నెట్టాడు. "దీనికి నాలుగోది కూడా కలపండి. పుస్తకంలో ఆ ఏడో అధ్యాయం తీసెయ్యాలి."

"అక్షరం కూడా తియ్యను. మీరు ఆ నలభై వీడియోలూ తీస్తారా?"

"ఎందుకు తీస్తాను? వాటితోనే నాకు జనం పెరిగారు."

"ఏడో అధ్యాయంలో నేను రాసింది అదే, తిట్టేకొద్దీ జనం పెరుగుతారని."

ఆయన మొహం జేవురించింది. "మీకు లెక్కలు తెలుసు పంతులమ్మా, మనుషులు తెలీదు. మా జనాన్ని మూడేళ్ళు భూతద్దం పెట్టి చూశారు. మీ ఇంట్లోంచి మా ఇంటికి ఏడాదిగా కబుర్లు చేరుతుంటే మాత్రం పసిగట్టలేకపోయారు."

ఆ మాట సూటిగా తగిలింది. నిజమే. కళ్ళముందే జరిగింది, కనబడలేదు. ఆమె పెన్ను మూత తీసింది, పెట్టింది, మళ్ళీ తీసింది.

ఆయన విసురుగా లేచాడు. కుర్చీ కీచుమంది. బయట వరండాలో మాటలు ఒక్కసారిగా ఆగిపోయాయి.

"నా సంతకం లేదు. ఏం చేసుకుంటారో చేసుకోండి," అంటూ తలుపువైపు నడిచాడు.

పోనీ, అనుకుంది ఆమె. పోతే ఇది ఇక్కడితో ఆగిపోతుంది. ఆపిన పాపం నాది కాదు. ఒక్క క్షణం హాయిగా కూడా అనిపించింది. ఆ హాయికి తనమీద తనకే అసహ్యం వేసింది.

"వెళ్ళండి," అంది. "సాయంత్రం మీ వీడియోలో ఈ సంగతి చెప్పండి. రెండు లక్షలమందీ చప్పట్లు కొడతారు. వాళ్ళందర్నీ చదివినదాన్ని, చెబుతున్నాను వినండి. మీరు వారంరోజులు జ్వరంతో మంచమెక్కితే వాళ్ళు ఇంకో అన్నని చూసుకుంటారు. మంచినీళ్ళిచ్చే మనిషి మాత్రం మీ ఇంట్లో మిగలదు."

గుమాస్తా తలెత్తలేదు. ఆయన గొళ్ళెంమీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయాడు.

తర్వాత వెనక్కి వచ్చి, కూచోకుండానే, బల్లమీది మొదటి కాగితం చిరిగేంత గట్టిగా సంతకం గీకాడు.

"మిమ్మల్ని క్షమించాననుకోకండి."

"నేనూ క్షమించలేదు."

"ఆ ఏడో అధ్యాయం పచ్చి అబద్ధం."

"చదివారా?"

"మూడుసార్లు."

ఆయన సంతకానికి వీలైనంత ఎడంగా ఆమె తన సంతకం చేసింది. గుమాస్తా ముద్ర కొట్టి, సిరా ఆరేలా ఊది, తలుపు తీసి వరండాలోకి కేకేశాడు.

"వియ్యాలవారి సంతకాలు అయిపోయాయి, ఇక పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ లోపలికి రండి!"