ఆపుమనే గంట

నా పేరు గోగర్ల లసుమవ్వ. డెబ్బై ఏళ్లుంటాయి. బెల్లంపల్లిలో నేను, నా పెనిమిటి రాజలింగు, మనవరాలు ఉంటాం. ఆయన బొగ్గుబాయిలోకి మనుషులను దించే లిఫ్టు దగ్గర గంట కొట్టేవాడు. ఒక గంట కొడితే లిఫ్టు ఆగాలి, రెండు కొడితే దిగాలి.

ఎండాకాలం వాంతులు పట్టుకొని, రక్తంలో ఉప్పు పడిపోయి, ప్రైవేటు దవాఖానలో చేరాడు. డాక్టరు ఉప్పు సెలైన్ ధారగా వదిలాడు. మరునాడే ఆయన లేచి, "చాయ్ ఏదే?" అన్నాడు. నేను డాక్టరుకు చేతులెత్తి మొక్కాను. ఆ చేతులు విరగ!

తర్వాత మాట ముద్దయింది. గుటక దిగలేదు. కాళ్లూ చేతులూ కట్టెలయ్యాయి. పడిపోయిన ఉప్పును మెల్లగా ఎక్కించాలట, గబగబా ఎక్కిస్తే మెదడు దెబ్బతింటుందట. వరంగల్‌లో పెద్ద డాక్టరు చెప్పాడు.

వచ్చి మొదటి డాక్టరునే నిలదీశాను. "మీ దవాఖానల ఆపుమని ఒక్క గంట కొట్టేటోడు లేడా, సారూ? నీ మీద కేసు ఏస్త."

"కేసెందుకవ్వా? గా ముసలాయనకు ఏం తెల్వది. నువ్వే ఆగమైతవ్" అన్నాడు.

ఇదంతా మనవరాలు రాసి, ఆయన మంచం పక్కన నిలబడి చదివింది. ఆయనకు ఇప్పుడు కదిలేవి కనురెప్పలే.

"ఏమయ్యా, కేసు ఆపుదామా?" అని అడిగాను.

ఒకసారి రెప్ప మూశాడు. ఆపుమన్నాడనుకొని, కాగితం మడవమని మనవరాలికి చెప్పబోయాను.

మళ్లీ మూశాడు.

దిగమన్నాడు. దిగుతున్నాను.

వేలిముద్ర: లసుమవ్వ
సాక్షులు: పక్కింటి ముష్తాక్, సంతకం; గోగర్ల రాజలింగు, రెండు రెప్పపాట్లు.